నీటిలో ఆయిల్ అండ్ గ్రీజ్ పరీక్ష: శాంపిల్ సీసా నుంచి చివరి లెక్క దాకా

నీటిలో ఇనుము ఎంతుందని అడిగితే, ఏ పద్ధతిలో చూసినా జవాబు దాదాపు ఒకటే రావాలి. ఆయిల్ అండ్ గ్రీజ్ సంగతి అలా కాదు. ఆ పేరుతో ఒక పదార్థమంటూ లేదు. ఆమ్లం కలిపిన నీటిలోంచి హెక్సేన్ అనే ద్రావణిలోకి వచ్చి, హెక్సేన్ ఆవిరయ్యాక ఫ్లాస్కు అడుగున మిగిలేదాన్ని మొత్తంగా ఆ పేరుతో పిలుస్తున్నాం. వంటనూనె, జంతువుల కొవ్వు, సబ్బులోంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు, మైనం, యంత్రాల కందెన నూనె, డీజిల్‌లోని బరువైన భాగం, అన్నీ అందులోవే. కాబట్టి ఇక్కడ పద్ధతి అంటే కొలిచే సాధనం మాత్రమే కాదు, కొలిచే వస్తువుకి నిర్వచనం కూడా. ఒక మెట్టు మారిస్తే కొలిచేదే మారిపోతుంది.

కింద చెప్పేది ఎన్-హెక్సేన్‌తో తీసి తూకం వేసే పద్ధతి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ వారి మెథడ్ 1664 దీనికి ఆధారం. అంతకు ముందు ఫ్రియాన్-113 అనే ద్రావణి వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా మానేసి హెక్సేన్‌కి మారారు. 1664 సవరణ ఎ 1999లో, సవరణ బి 2010లో వచ్చాయి. ఈ పద్ధతి లీటరుకి 5 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా పనికొస్తుంది.

ఏది దొరకదో కూడా ముందే తెలిసి ఉండాలి. పెట్రోలు లాంటి తేలికైనవి హెక్సేన్‌తో పాటే ఎగిరిపోతాయి. డీజిల్, కిరోసిన్‌లలో కొంత భాగం పోతుంది. ముడి చమురులోని ఆస్ఫాల్టీన్లు హెక్సేన్‌లో కరగవు, అవి లెక్కలోకి రావు. అటు నూనె కానివి కొన్ని, అంటే గంధకం, కొన్ని రంగులు, హెక్సేన్‌లో కరిగి లెక్కలో కలుస్తాయి. పెట్రోలు ఒలికిన చోటి నీటికి ఈ పరీక్ష చేసి నూనె లేదని రాస్తే అది తప్పుడు నివేదికే అవుతుంది.

హెక్సేన్ దగ్గర జాగ్రత్త

హెక్సేన్ 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కానీ గది వేడికే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, బల్ల మీదుగా పాకి దూరంగా ఉన్న మంటను కూడా చేరుతుంది. పని మొత్తం ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. బర్నరు, మామూలు హాట్‌ప్లేట్ దగ్గర్లో ఉండకూడదు. ఏళ్ల తరబడి పీలిస్తే చేతులు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. ఎన్-హెక్సేన్ ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారడమే దానికి కారణం. వాసనకి అలవాటు పడిపోయామని హుడ్ ఆపేయడం ప్రమాదకరం.

సామాను, రసాయనాలు

మూతి వెడల్పున్న 1 లీటరు గాజు సీసాలు, వాటికి టెఫ్లాన్ లోపొర ఉన్న మూతలు. టెఫ్లాన్ స్టాప్‌కాక్ (అడుగు కుళాయి) ఉన్న 2 లీటర్ల సెపరేటరీ ఫన్నెల్, అంటే పొరలను విడదీసే మూత గరాటు. 125 మి.లీ. బాయిలింగ్ ఫ్లాస్కులు. నీటి బాత్, డిస్టిలేషన్ హెడ్, కండెన్సర్. డెసికేటర్ (తేమ తగలకుండా చల్లార్చే మూత పాత్ర). 0.1 మిల్లీగ్రాము దాకా చూపే బ్యాలెన్స్.

ప్లాస్టిక్ ఎక్కడా తగలకూడదు. పాలిథిన్ సీసా గోడలు నూనెను పీల్చుకుంటాయి. పీవీసీ గొట్టాల నుంచి ప్లాస్టిసైజర్ హెక్సేన్‌లోకి దిగి నూనెలాగే బరువు తూగుతుంది. స్టాప్‌కాక్‌కి గ్రీజు రాయడం అంటే కొలవబోయే పదార్థాన్ని చేతులారా కలపడమే.

గాజు సామానును వేడి సబ్బు నీళ్లతో కడిగి, కుళాయి నీళ్లతో, తర్వాత శుద్ధ నీటితో జాలాడించి, 200 నుంచి 250 డిగ్రీల దగ్గర కనీసం గంటసేపు కాల్చండి. కొలత గీతలున్న గాజును అంత వేడిలో పెట్టకూడదు, దాన్ని హెక్సేన్‌తో కడిగి ఆరబెడితే చాలు.

హెక్సేన్ కొనేటప్పుడు ఆవిరయ్యాక మిగిలే శేషం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉందో లేదో చూడండి. ఒక్కో శాంపిల్‌కి 100 మి.లీ. పైచిలుకు వాడతాం కాబట్టి దాని వంతు 0.1 మిల్లీగ్రాము దగ్గరే ఆగుతుంది. కొత్త సీసా తెరవగానే 100 మి.లీ. ఆవిరి చేసి తూకం చూడటం మంచి అలవాటు.

సోడియం సల్ఫేట్ నిర్జలమైనది కావాలి, అదీ పలుకులుగా ఉన్నది. పిండిలా ఉన్నది కొద్ది తేమకే గట్టిపడి ఫన్నెల్‌ను మూసేస్తుంది. 200 నుంచి 250 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి బిగుతు మూతున్న గాజు సీసాలో ఉంచండి. సిలికా జెల్‌కి కూడా ఇదే ఆరబెట్టడం. ఆమ్లంగా సమాన పాళ్లలో నీరు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపోతుంది.

శాంపిల్ తీయడం

ఈ పరీక్షలో ఎక్కువ తప్పులు ల్యాబ్‌లో కాదు, కాలువ దగ్గర జరుగుతాయి. నూనె నీటిలో సమంగా కలిసి ఉండదు. పైన తేలుతుంది, బురదకి అంటుతుంది, గాజుకి అతుక్కుంటుంది. నీరు బాగా కలబడే చోటు, అంటే నీరు దూకే చోటు లేదా పైపు బయటికి వచ్చే చోటు చూసుకుని అక్కడ నేరుగా సీసాలోకే పట్టండి. నిలవ నీటి పైపొరను ముంచితే అంకె ఆకాశాన్నంటుతుంది, పొర కింద నుంచి తీస్తే ఏమీ లేనట్టు కనిపిస్తుంది.

వేరే శాంపిళ్లకు అలవాటుగా చేసే మూడు పనులు ఇక్కడ చేయకూడదు. ఒకటి, సీసాను శాంపిల్ నీటితోనే జాలాడించి పారబోయడం. ఆ నీరు పోయినా అందులోని నూనె గోడకి అంటుకుని ఉండిపోతుంది, తర్వాత పట్టిన నీటి లెక్కలో కలుస్తుంది. రెండోది, నిండా పట్టి కొంత ఒలకబోయడం. ఒలికేది పైపొరే, అంటే నూనె ఎక్కువున్న భాగం. సీసా భుజం దాకా పట్టి ఆపండి. మూడోది, బకెట్లో పట్టి సీసాల్లోకి పంచడం, లేదా ఆటోమేటిక్ శాంప్లర్ గొట్టం ద్వారా లాగడం. నూనె బకెట్‌కీ గొట్టానికీ అంటి అక్కడే ఉండిపోతుంది. రోజంతటి సగటు కావాలంటే వేళకొక సీసా విడిగా పట్టి, ల్యాబ్‌లో ఆ సీసాల నుంచి తీసిన హెక్సేన్ ద్రావణాలను కలపాలి.

ఒక సీసా మొత్తం ఒకే పరీక్షకి ఖర్చవుతుంది, మళ్లీ చేద్దామంటే నీరు మిగలదు. అందుకని స్పైక్ (తెలిసినంత నూనె కలిపి ఎంత తిరిగి వస్తుందో చూడటం) కోసం, జంట పరీక్ష కోసం అదే చోట, అదే సమయంలో అదనపు సీసాలు పట్టి ఉంచండి.

నాలుగు గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టలేకపోతే అక్కడే ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించండి. మామూలు నీటికి పైన చెప్పిన ఆమ్లం లీటరుకి 5 మి.లీ. సరిపోవచ్చు, క్షారం ఎక్కువున్న వ్యర్థ జలానికి ఇంకా పడుతుంది. ఎంత పడుతుందో ముందు వేరే గిన్నెలో పట్టిన నీటితో చూసుకోండి. 6 డిగ్రీలకు మించకుండా, గడ్డకట్టకుండా ఉంచితే 28 రోజుల దాకా నిలవ చేయొచ్చు.

ఆమ్లం చేసే పని మూడు విధాలు. సూక్ష్మజీవులు నూనెను తినకుండా ఆపుతుంది. నూనె, నీరు విడిపోకుండా కలిసి నిలిచే ఎమల్షన్లను కొన్నిటిని విరగ్గొడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సబ్బు రూపంలో నీటిలో కరిగి ఉన్న కొవ్వు ఆమ్లాన్ని విడిపిస్తుంది. సోడియం స్టియరేట్ హెక్సేన్‌లోకి రాదు, స్టియరిక్ ఆమ్లం వస్తుంది.

హెక్సేన్‌తో తీయడం

1. ముందు ఫ్లాస్కులు. 105 నుంచి 115 డిగ్రీల ఓవెన్‌లో కనీసం 2 గంటలు ఉంచి, డెసికేటర్‌లో గది వేడికి చల్లార్చి తూకం రాసుకోండి. ఆ తర్వాత వాటిని చేత్తో ముట్టకండి, పట్టకారుతోనే తీయండి. వేలిముద్ర కూడా నూనే.

2. సీసా గది వేడికి వచ్చాక బయట నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. లేదా సీసాను తూచి రాసుకోండి, ఖాళీ అయ్యాక మళ్లీ తూస్తే శాంపిల్ ఎంతో తెలుస్తుంది. తూకమే ఎక్కువ నమ్మదగినది.

3. పీహెచ్ 2 లోపు ఉందో చూడండి. పేపరును గానీ మీటరు ఎలక్ట్రోడ్‌ను గానీ సీసాలో ముంచకండి, నూనె వాటికి అంటుకుపోతుంది. సీసాను బాగా కలిపి, గాజు కడ్డీతో ఒక చుక్క తీసి పేపరు మీద పెట్టండి. కడ్డీని కొద్ది హెక్సేన్‌తో కడిగి ఆ కడుగును సీసాలోనే వదలండి.

4. సీసాలోని నీరంతా సెపరేటరీ ఫన్నెల్‌లోకి వంచండి. ఖాళీ సీసాలో 30 మి.లీ. హెక్సేన్ పోసి, అదే మూత బిగించి, గోడలన్నీ, మూత లోపలా తడిసేలా ఆడించి, ఆ హెక్సేన్‌నూ ఫన్నెల్‌లో పోయండి. ఈ మెట్టు దాటేసినవారికి తక్కువ అంకె రావడం ఖాయం. సీసాలోంచి కొలజాడీతో 500 మి.లీ. వంచుకుని పరీక్ష చేయడమూ ఇలాంటి పొరపాటే, గోడకి అంటిన నూనె అంతా వెనకే ఉండిపోతుంది.

5. ఫన్నెల్‌ను 2 నిమిషాలు గట్టిగా కుదపండి. మొదట్లో రెండు మూడు కుదుపులకొకసారి తలకిందులు చేసి, కాడను హుడ్ లోపలికి తిప్పి, స్టాప్‌కాక్ తెరిచి ఆవిరి వదలండి. కార్బొనేట్ ఎక్కువున్న నీటికి ఆమ్లం తగిలి వాయువు ఇంకా వస్తుంటే ఒత్తిడి చాలా పెరుగుతుంది, మూత ఎగిరిపోగలదు.

6. కనీసం 10 నిమిషాలు కదలకుండా ఉంచండి. హెక్సేన్ నీటికంటే తేలిక, పైన నిలుస్తుంది. ఫ్రియాన్ రోజుల్లో నూనె పొర అడుగున ఉండేది కాబట్టి దాన్ని వదిలి నీటిని ఫన్నెల్‌లోనే ఉంచేవారు. ఇప్పుడు ప్రతిసారీ నీటినే ముందు వదలాలి. దాన్ని మొదటి సీసాలోకే పట్టుకోండి, రెండో విడతకి మళ్లీ కావాలి. నీటి అంచు స్టాప్‌కాక్‌కి దగ్గరపడ్డాక చుక్కచుక్కగా వదలండి.

7. గాజు ఫన్నెల్‌లో ఫిల్టర్ పేపరు పెట్టి, దాదాపు 10 గ్రాముల సోడియం సల్ఫేట్ వేసి, కొద్ది హెక్సేన్‌తో తడిపి ఆ కడుగు పారబోయండి. తర్వాత పైపొర హెక్సేన్‌ను దీని మీదుగా, తూచిపెట్టిన ఫ్లాస్కులోకి వదలండి.

8. నీటిని మళ్లీ ఫన్నెల్‌లో పోసి, సీసాను కొత్త 30 మి.లీ. హెక్సేన్‌తో కడిగి, ఇదే పని ఇంకో రెండుసార్లు చేయండి. మొత్తం మూడు విడతలు. చివర్లో కాడ కొసను, ఫిల్టర్ పేపరును, సల్ఫేట్‌ను 3 నుంచి 5 మి.లీ. హెక్సేన్‌తో రెండు మూడుసార్లు కడగండి. నూనె ఎక్కువగా పోగయ్యేది ఫిల్టర్ పేపరు పై అంచునే, అక్కడి నుంచి కడుగుతూ రండి.

ఎమల్షన్ పడితే

సబ్బు, ప్రోటీన్, సన్నటి బురద ఉన్న నీటిలో రెండు పొరల మధ్య వెన్నలాంటి మూడో పొర నిలుస్తుంది. నూనె అందులోనే చిక్కుకుని ఉంటుంది కాబట్టి దాన్ని నీటితో పాటు పారబోస్తే అసలు చూడాల్సిందే పోయినట్టు. ఆ పొర హెక్సేన్ పొరలో మూడో వంతు కంటే పెద్దదైతే దాన్ని విరగ్గొట్టాల్సిందే.

ముందు ఓపిక పట్టండి, ఇంకో పది నిమిషాలు ఆగితే కొన్ని వాటంతటవే విడిపోతాయి. తర్వాత గాజు కడ్డీతో మెల్లగా కదిపి చూడండి. లొంగకపోతే ఆ పొరను మాత్రం హెక్సేన్‌తో కడిగిన గాజు ఉన్ని గుండా వడకట్టండి. అప్పటికీ పోకపోతే హెక్సేన్‌ను, ఎమల్షన్‌ను గాజు సెంట్రిఫ్యూజ్ గొట్టాల్లోకి తీసి తిప్పండి. గొట్టాలను తర్వాత హెక్సేన్‌తో కడిగి ఆ కడుగునూ కలపాలి. సెంట్రిఫ్యూజ్ దగ్గర నిప్పురవ్వ పుట్టే అవకాశం లేకుండా చూసుకోండి. ఉప్పు వేయడం కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది, అయితే ఆ ఉప్పు ఫ్లాస్కులోకి చేరకుండా వడపోత జాగ్రత్తగా ఉండాలి.

పాల పరిశ్రమ, మాంసం శుద్ధి లాంటి చోట్ల నీటికి ఎమల్షన్ తప్పదు. అలాంటివాటికి మొదటి విడతలో కుదుపు బలం తగ్గించి ఎక్కువసేపు ఆడించడం మేలు. ఏ ఉపాయం వాడినా, బ్లాంక్‌కీ (శాంపిల్ బదులు శుద్ధ నీటితో చేసే ఇదే పరీక్ష), స్పైక్‌కీ కూడా అదే చేయండి. గాజు ఉన్ని నుంచి బరువు వచ్చిందా లేదా అన్నది బ్లాంక్ మాత్రమే చెప్పగలదు.

ఆవిరి, తూకం

ఫ్లాస్కుకి డిస్టిలేషన్ హెడ్ తగిలించి 85 డిగ్రీల నీటి బాత్ మీద పెట్టండి. దిగిన హెక్సేన్‌ను పట్టి ఉంచండి. హెడ్‌లో వేడి 70 డిగ్రీలకు చేరినా, ఫ్లాస్కు దాదాపు ఆరినట్టు కనిపించినా వెంటనే తీసేయండి. ఫ్లాస్కు ఇంకా వేడిగా ఉండగానే వ్యాక్యూమ్‌కి కలిపిన గాజు గొట్టంతో 15 సెకన్లు లోపలి ఆవిరిని లాగండి. బయట అంటిన తేమను పీచు రాని గుడ్డతో తుడవండి.

ఈ మెట్టులో తప్పు రెండు వైపులా జరుగుతుంది. ముందే తీస్తే హెక్సేన్ మిగిలి అంకె పెరుగుతుంది. బాత్ మీద మరిచిపోతే తేలికైన నూనెలు పోయి అంకె తగ్గుతుంది. ఫ్లాస్కును ఓవెన్‌లో పెట్టి ఆరబెడదామనే ఆలోచన అసలు వద్దు.

డెసికేటర్‌లో కనీసం 30 నిమిషాలు చల్లార్చి తూచండి. తర్వాత మళ్లీ డెసికేటర్‌లో ఉంచి తూచండి. రెండు తూకాల మధ్య తగ్గుదల శేషంలో 4 శాతం లోపు గానీ 0.5 మిల్లీగ్రాము లోపు గానీ అయ్యేదాకా ఇలాగే. గోరువెచ్చని ఫ్లాస్కు చుట్టూ గాలి పైకి లేస్తుంది, అందుకే బ్యాలెన్స్ మీద అది ఉన్నదానికంటే తేలిగ్గా చూపిస్తుంది. చివరి తూకంలో ఇది జరిగితే నూనె తక్కువ వస్తుంది. ఖాళీ ఫ్లాస్కును తూచేటప్పుడు జరిగితే లేని నూనె పుడుతుంది.

శేషాన్ని కళ్లతో కూడా చూడండి. తెల్లటి పలుకులు కనిపిస్తే అది నూనె కాకపోవచ్చు, నీటితో జారి వచ్చిన ఉప్పు లేదా సోడియం సల్ఫేట్ కావచ్చు. కొద్ది హెక్సేన్‌లో కరిగించి, వడకట్టి, తూచిన కొత్త ఫ్లాస్కులోకి మార్చి మళ్లీ ఆవిరి చేయాలి.

లెక్క

ఖాళీ ఫ్లాస్కు 78.4213 గ్రాములు, శేషంతో 78.4587 గ్రాములు అనుకుందాం. తేడా 37.4 మిల్లీగ్రాములు. శాంపిల్ 965 మి.లీ. అయితే 37.4ను 0.965తో భాగించాలి, లీటరుకి 38.8 మిల్లీగ్రాములు. ఆమ్లం పోసి ఉంటే ఆ పరిమాణాన్ని శాంపిల్‌లోంచి తీసేయడం మరవకండి. 1664 ప్రకారం బ్లాంక్ విలువను ఫలితంలోంచి తీసేయరు. తీసేయమనే ఇతర ప్రామాణిక పద్ధతులు ఉన్నాయి, మీరు ఏది పాటిస్తున్నారో దాన్నే చివరిదాకా పాటించండి.

లీటరుకి 5 మిల్లీగ్రాముల దగ్గర పని ఎంత సున్నితమో గమనించండి. 80 గ్రాముల గాజు మీద 5 మిల్లీగ్రాముల తేడా వెతుకుతున్నాం. అక్కడ అర మిల్లీగ్రాము పొరపాటు అంటే పదిశాతం. అందుకే ప్రతిరోజూ 2 మిల్లీగ్రాముల, 1000 మిల్లీగ్రాముల తూనికరాళ్లతో బ్యాలెన్స్‌ను సరిచూడాలి.

నాణ్యత పరీక్ష

200 మిల్లీగ్రాముల హెక్సాడెకేన్, 200 మిల్లీగ్రాముల స్టియరిక్ ఆమ్లం తూచి ఎసిటోన్‌లో కరిగించి 100 మి.లీ. చేయండి. ఇందులో 10 మి.లీ. లీటరు శుద్ధ నీటిలో వేస్తే లీటరుకి 40 మిల్లీగ్రాములు. నిలవలో స్టియరిక్ ఆమ్లం పలుకులు కడుతుంది, కొద్దిగా వెచ్చజేసి పూర్తిగా కరిగాకే వాడాలి. దీన్ని మామూలు శాంపిల్‌లాగే నడిపితే రికవరీ, అంటే కలిపినదాంట్లో తిరిగి దొరికిన వంతు, 78 నుంచి 114 శాతం మధ్య రావాలి. ప్రతి బ్యాచ్‌కీ ఒక బ్లాంక్, ఇలాంటి ఒక పరీక్ష తప్పనిసరి. బ్లాంక్ లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటితే ఆ బ్యాచ్ ఆపి కారణం వెతకాలి.

రికవరీ సగం దగ్గర ఆగితే రెండింటిలో ఒకటి రాలేదని అనుమానించండి. హెక్సాడెకేన్ 287 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బాత్ మీద సగం ఎగిరిపోయేది కాదు. కాబట్టి ముందు స్టియరిక్ ఆమ్లాన్నే చూడాలి: పలుకులు కరగకుండానే పోశారా, నీటికి ఆమ్లం కలపడం మరిచారా. నూరు దాటి ఎంతో ఎక్కువ వస్తే మిగిలిన హెక్సేన్, జారిన నీరు, ఉప్పు వరసగా చూడండి. బ్లాంక్ పెరిగితే మొదట సోడియం సల్ఫేట్, ఫిల్టర్ పేపరు, తర్వాత సరిగా కడగని గాజు.

పెట్రోలియం నూనె ఎంత, కొవ్వు ఎంత

మొత్తం అంకె వచ్చాక, అందులో హైడ్రోకార్బన్ల వంతు తెలియాలంటే సిలికా జెల్ వాడతారు. శేషాన్ని హెక్సేన్‌లో కరిగించి 100 మి.లీ. చేసి, ప్రతి 100 మిల్లీగ్రాముల శేషానికి 3 గ్రాముల చొప్పున సిలికా జెల్ వేసి, కనీసం 5 నిమిషాలు మాగ్నెటిక్ స్టిరర్ మీద తిప్పండి. కొవ్వులు, కొవ్వు ఆమ్లాలు సిలికాకి అంటుకుంటాయి, హైడ్రోకార్బన్లు హెక్సేన్‌లో ఉండిపోతాయి. వడకట్టి, కడిగి, తూచిన కొత్త ఫ్లాస్కులో ఆవిరి చేయండి. సిలికా తేమ పీల్చి ఉంటే కొవ్వును పట్టలేదు, వంటశాల నీటిలో కూడా పెట్రోలియం ఉన్నట్టు చూపిస్తుంది. పైన చెప్పిన 40 మిల్లీగ్రాముల మిశ్రమమే దీనికి కొలబద్ద: సిలికా తర్వాత 20 దగ్గరికి రావాలి.

బురద, ఘన వ్యర్థాలు

సెపరేటరీ ఫన్నెల్ ఇక్కడ పనికిరాదు. ఈపీఏ 9071బి ప్రకారం 20 గ్రాముల తడి బురద తీసుకుని, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కి తెచ్చి, 25 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ మోనోహైడ్రేట్ కలపండి. అది నీటిని పట్టుకుని 15 నుంచి 30 నిమిషాల్లో గట్టిపడుతుంది. పొడిగా నూరి, థింబుల్‌లో (వడపోత గొట్టంలో) వేసి, హెక్సేన్‌ను మళ్లీ మళ్లీ మరిగించి దాని మీదుగా పోయించే సాక్స్‌లెట్‌లో గంటకి 20 చక్రాల చొప్పున 4 గంటలు నడపండి. ఆరబెట్టడానికి బురదను ఓవెన్‌లో పెట్టకండి, తేలిక నూనెలు పోతాయి. తేమ శాతం వేరే ముక్కలో చూసి, ఫలితాన్ని పొడి బరువుకి లెక్కకట్టండి.

వేరే పద్ధతులతో పోల్చేటప్పుడు

ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని చూస్తుంది, కాబట్టి ఆ బంధం లేని టెట్రాక్లోరోఇథిలీన్ లాంటి ద్రావణి కావాలి. ఐఎస్ఓ 9377-2 గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతి. కొవ్వుల్లాంటి ధ్రువ పదార్థాలను, వాటిని పట్టుకునే ఫ్లోరిసిల్‌తో తీసేసి 10 నుంచి 40 కార్బన్ల మధ్య హైడ్రోకార్బన్లను మాత్రమే లెక్కిస్తుంది, వంటనూనె అందులో కనిపించదు. ఒకే కాలువ నీటికి ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు ఇవ్వవచ్చు, మూడూ సరైనవే కావచ్చు. అందుకే నివేదికలో అంకె పక్కన పద్ధతి పేరు, సవరణ, సిలికా జెల్ వాడారా లేదా, బ్లాంక్ విలువ, స్పైక్ రికవరీ, శాంపిల్ తీసిన చోటు, సమయం రాయండి. ఎమల్షన్‌ను విరగ్గొట్టాల్సి వచ్చి ఉంటే అదీ, ఎలా విరగ్గొట్టారో అదీ.